నందికొండ బాకీ

ఎగువన శ్రీశైలం నిండి, నాగార్జున సాగర్ నీటిమట్టం 590 అడుగులకు చేరువైందని పేపర్లో పడితే చాలు, ఆ ఆదివారం నందికొండ దారులు కిక్కిరిసిపోతాయి. హైదరాబాద్ నుంచి వచ్చే కార్లు పెద్దవూర దాటాక బారులు తీరుతాయి. 26 గేట్ల మీదుగా దూకే నీటి తుంపర మొహాన కొడుతుంటే పిల్లలు కేరింతలు కొడతారు, పెద్దలు ఫోన్లు పైకెత్తుతారు, చేపల వేపుడు బండ్ల దగ్గర గిరాకీ ఊపందుకుంటుంది. తప్పేం లేదు. తరతరాలుగా మొగులు వైపు చూసి బతికిన నల్లగొండ, పాలమూరు మెట్టల్లో అన్ని నీళ్లు ఒక్కచోట కనబడితే పండుగే.

ఆ గుంపులో ఎవరినైనా ఆపి, ఈ నీళ్ల కింద ఏ ఊళ్లున్నాయో అడిగి చూడండి. పది పేర్లు అక్కర్లేదు, ఒక్కటి చెప్పమనండి. చదువుకున్నవాళ్లయితే విజయపురి అంటారు. పదిహేడు వందల ఏళ్ల కిందటి ఇక్ష్వాకుల రాజధాని పేరు మనకు తెలుసు. మొన్న మొన్న, 1950ల దాకా అదే లోయలో పొయ్యి రాజేసి, పొలం దున్ని, పీర్లెత్తి, పెళ్లిళ్లు చేసుకున్న ఊళ్ల పేర్లు మాత్రం తెలియవు. ఇదంతా కాలం చేసిన మరుపు అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. ఏది గుర్తు పెట్టుకోవాలో, ఏది వదిలేయాలో మనం ఎప్పుడో తేల్చుకున్నాం. తేల్చుకున్నామన్న సంగతి కూడా ఎవరూ అడక్కుండా జాగ్రత్త పడుతున్నాం.

గతంతో సమాధానపడలేక ఒక మనిషి ఎట్లా కిందామీదా అవుతాడో, ఒక సమాజమూ అట్లాగే అవుతుంది. మనిషి చేసే పనులే అదీ చేస్తుంది. ఒకటి, గొప్పలు చెప్పుకొని అసలు సంగతి దాటేయడం. రెండు, తప్పంతా ఎదుటివాడి మీదికి నెట్టి చేతులు దులుపుకోవడం. సాగర్ విషయంలో మనం ఈ రెండు దారులూ నడిచాం. ఏ దారీ మనల్ని ఒడ్డుకు చేర్చలేదు. మిగిలింది మూడోది: కూర్చుని లెక్క చూసుకోవడం, ఎవరికి ఎంత బాకీ ఉన్నామో ఒప్పుకోవడం, తీర్చడం. అది కష్టమైన దారి కాబట్టే ఇన్నేళ్లుగా అటు అడుగు పడలేదు.

ముందు ఒక మాట స్పష్టంగా అనుకోవాలి. సాగర్ కట్టడం పాపం కాదు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నందికొండ దగ్గర శంకుస్థాపన చేసే నాటికి ఈ దేశానికి తన గింజలు తనకు చాలవు. మరుసటి ఏడాది నుంచే అమెరికా గోధుమలు ఓడల్లో దిగడం మొదలైంది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలిన తర్వాత ఈ నేల ముఖం మారింది. ఎడమన లాల్ బహదూర్ కాలువ, కుడిన జవహర్ కాలువ కలిపి సుమారు 22 లక్షల ఎకరాల ఆయకట్టు. మిర్యాలగూడ రైసు మిల్లుల ఊరైంది. జొన్న గటక తాగిన ఇళ్లలో వరి అన్నం రోజువారీ తిండి అయింది. తర్వాతి కాలంలో హైదరాబాద్ కుళాయిల్లోకీ అక్కంపల్లి మీదుగా, కోదండాపూర్‌లో శుద్ధి అయి, ఈ కృష్ణ నీళ్లే వచ్చాయి. ఆ మేలును కాదనేవాడు అబద్ధం ఆడుతున్నట్టే. కానీ మేలు పొందినవాడికి బాధ్యత పోదు, ఇంకా పెరుగుతుంది. లాభం చిన్నదైతే, ఇచ్చుకోవడానికి ఏమీ మిగల్లేదని అనవచ్చు. ఇంత లాభం చూసుకున్నాక ఆ మాట నోట రాకూడదు.

ఆ లాభం కోసం యాభైకి పైగా ఊళ్లు మునిగాయి. ఎక్కువ భాగం నల్లగొండ వైపువే. ఇరవై వేలకు పైగా మనుషులు ఉన్నచోటు వదిలి మూటలు కట్టుకున్నారు. నాటి భూసేకరణ పద్ధతిలో పట్టా కాగితం ఉన్నవాడికి ఎకరాకింత అని లెక్కగట్టి డబ్బు చేతిలో పెట్టారు. కాగితం లేనివాడి సంగతి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. కౌలుకు దున్నేవాడికి, జీతం ఉండేవాడికి, సారె తిప్పే కుమ్మరికి, చాకిరేవు నమ్ముకున్న చాకలికి, నది మీద వల వేసే బెస్తకు బతుకుతెరువు ఊరితో ముడిపడి ఉంటుంది. ఊరు పోతే వాళ్లకు పోయేది భూమి కాదు కాబట్టి, లెక్కల పుస్తకంలో వాళ్లకు ఏమీ పోనట్టే. డబ్బు అందుకున్న రైతుల పరిస్థితీ గొప్పగా లేదు. అంత రొక్కం ఎన్నడూ చూడని చేతుల్లో అది నిలవలేదు. కొత్తచోట భూమి కొనేలోపు ధర ఎక్కి కూర్చుంది. ఏ ఊరికి పోయినా ఏళ్ల తరబడి వాళ్లు ముంపు వాళ్లే.

ఇదే లోయలో, ఇదే కాలంలో, రాళ్లకు జరిగిన న్యాయం చూడండి. 1926లో రంగస్వామి సరస్వతి ఇక్కడి శిథిలాలను గుర్తించారు. తర్వాత లాంగ్‌హర్‌స్ట్ తవ్వారు, టి.ఎన్. రామచంద్రన్ తవ్వారు. ఆనకట్ట ఖాయమయ్యాక, లోయ మునిగే లోపు దాన్ని పూర్తిగా తవ్వి చూడాలని పురావస్తు శాఖ నిర్ణయించింది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో నూరుకు పైగా చోట్ల తవ్వకాలు సాగాయి. చైత్యాలు, విహారాలు, అశ్వమేధ వేదిక, స్నానఘట్టం, రంగస్థలం అన్నీ బయటపడ్డాయి. ఎంచుకున్న కట్టడాలకు కొలతలు తీసి, పటాలు గీసి, విప్పి, కొండ మీదికీ అనుపుకూ తరలించి మళ్లీ పేర్చారు. కొన్నిటిని ఉన్నదున్నట్టు నిలబెట్టారు, కొన్నిటికి నమూనాలు కట్టారు. ఇవాళ లాంచీ ఎక్కి నాగార్జునకొండ దీవిలో దిగితే ఆ శ్రద్ధ కళ్లారా కనిపిస్తుంది. మ్యూజియంలో మునిగిన లోయకు నమూనా ఉంది. ఏ చైత్యం ఎక్కడుండేదో, ఏ విహారం ఏ గుట్ట పక్కనో వేలు పెట్టి చూపించవచ్చు.

ఒక శాఖ, ఆరేళ్లు, చేతిలో ఉన్న కొద్దిపాటి వనరులతో, నీళ్లు రాకముందే పని ముగించాలన్న పట్టుదలతో చేసిన మహత్కార్యం అది. ఆ పురావస్తు శాస్త్రవేత్తలకు చేతులెత్తి మొక్కాలి. కానీ వాళ్లు చేసిన పనే మనకు అడ్డం తిరిగి సాక్ష్యం చెబుతోంది. చేయాలనుకుంటే చేయగలమని వాళ్లు రుజువు చేశారు. ఒక ఇటుకను గుర్తుపట్టి, కొలిచి, భద్రంగా కొత్తచోటికి చేర్చి, పాత వరసలోనే నిలబెట్టే ఓపిక మన రాజ్యానికి ఉందని తేలిపోయింది. అదే ఓపిక ఒక కుమ్మరి ఇంటి పట్ల ఎందుకు లేదు? వనరులు లేవన్న సాకు, చేతకాదన్న సాకు, కాలం లేదన్న సాకు ఇక్కడ చెల్లవు.

ఒకసారి జరిగిందైతే పొరపాటు అనుకోవచ్చు. పాతికేళ్లు తిరక్కముందే పాలమూరులో అదే కథ మళ్లీ నడిచింది. శ్రీశైలం జలాశయం కోసం అటు కర్నూలు, ఇటు మహబూబ్‌నగర్ జిల్లాల్లో నూరుకు పైగా ఊళ్లు, లక్షకు అటూ ఇటూ జనం. కృష్ణా తుంగభద్రల కూడలిలో ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తెచ్చి నిలబెట్టారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడి కూడా ఒడ్డుకు చేరింది. 1981లో ఊళ్లు ఖాళీ చేయించిన తీరు మాత్రం వేరు. పోలీసులు వచ్చారు, ఇళ్లు కూలగొట్టారు, జనాన్ని సామాన్లతో సహా రోడ్డు మీద నిలబెట్టారు. దేవుడికి కొత్త ఇల్లు సిద్ధమయ్యాకే పాతది విప్పారు, మనిషికి పాతది కూల్చాక కొత్తది వెతుక్కోమన్నారు. ఇంటికో ఉద్యోగమని 1986లో జీవో 98 ఇచ్చారు. దాన్ని పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగిన కుర్రవాళ్లకు జుట్టు నెరిసింది, వయోపరిమితి దాటింది, కొందరి కొడుకులు అదే ఫైలు సంకన పెట్టుకుని తిరుగుతున్నారు.

ఎండాకాలంలో సోమశిల, కొల్లాపూర్ వైపు వెనుక జలాలు తగ్గినప్పుడు చూడండి. ఒండ్రు కింద నుంచి బావుల ఒరలు, గోడల పునాదులు, రోళ్లు, గడప బండలు పైకి తేలతాయి. ముంపు రైతులు ఆ ఒండ్రు నేలలోనే ఒక పంట తీసుకోవడానికి వస్తారు. పత్రాల్లో అది ఎప్పుడో సర్కారుది అయిపోయింది. కాళ్లకు మాత్రం ఏది తమ దొడ్డో, ఏది పక్కింటివాళ్లదో తెలుసు. నీళ్లు మళ్లీ పెరిగేదాకా వాళ్లు అక్కడ రైతులు, పెరిగాక ఎవరూ కాదు. ఇటు సాగర్ మధ్యన నీళ్లలో నిలిచిన ఏలేశ్వరం గట్టుకు శివరాత్రి నాడు లాంచీల్లో జనం పోతారు. ఊరు మునిగినా దేవుడి పేరు మీద ఆ దారిని వాళ్లు తెగనివ్వలేదు. మనకు గతం గడిచిపోయి ఉండవచ్చు. బాకీ రావలసిన వాళ్లకు అది ఏటేటా వచ్చిపోతూనే ఉంది.

ఇక ఆనకట్ట కట్టిన చేతుల సంగతి. రాతికట్టుతో లేచిన ఆనకట్టల్లో ప్రపంచంలోనే సాగర్‌కు పెద్ద పేరుంది. ఎత్తు 124 మీటర్లు. యంత్రాల కన్నా మనిషి కండల మీదే ఎక్కువ ఆధారపడి, పుష్కరం పాటు తట్ట తట్టగా, రాయి రాయిగా పైకి లేచింది. ఆ పనిలోకి పాలమూరు నుంచి వేల మంది వచ్చారు. గుంపు మేస్త్రీ పద్ధతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. కరువు ముదిరి ఇంట్లో గింజ లేని రోజుల్లో మేస్త్రీ వచ్చి అడ్వాన్సు చేతిలో పెడతాడు. మొగుడూ పెళ్లాం ఒక జతగా లెక్క. సీజనంతా పని. తిండికి ఇచ్చేది, జ్వరమొస్తే ఇచ్చేది, మధ్యలో పండుగకు పోయొస్తే కోసేది అన్నీ మేస్త్రీ పుస్తకంలోనే. చివర్లో లెక్క చూస్తే పాత అడ్వాన్సుకు వడ్డీ మిగులుతుంది, దాన్ని తీర్చడానికి వచ్చే ఏడు మళ్లీ బయల్దేరాలి. దేశంలో ఎక్కడ పెద్ద ఆనకట్ట లేస్తున్నా అక్కడ పాలమూరు లేబర్ ఉంటుందన్న పేరు ఇట్లా వచ్చింది. ఒకరి పొలానికి నీళ్లు తెచ్చే గోడలు కట్టి, తిరిగి తమ ఎండిన చెలకల్లోకి నడిచొచ్చిన జనం వాళ్లు. కృష్ణా తుంగభద్రలు తమ జిల్లా గడప తొక్కే పోతున్నా సరే.

నాగార్జునకొండ లోయలో దొరికిన వాటిలో ఛాయాస్తంభాలున్నాయి. చనిపోయినవాళ్ల జ్ఞాపకంగా నిలిపిన రాతి కంబాలు. రాజుకు, సేనానికి, యుద్ధంలో పడ్డ వీరుడికి నిలిపినవి ఉన్నాయి. చేతిపనివాళ్ల మేస్త్రీ ఒకడికి నిలిపినది కూడా ఉంది. రాజమాతల పేర్లు, రాణుల పేర్లు, సామాన్య ఉపాసికల పేర్లు ఆ శాసనాల్లో కనిపిస్తాయి. ఎవరు ఇచ్చారు, ఎవరు కట్టారు, ఎవరు పోయారు అన్నది రాతి మీద చెక్కి ఉంచడం ఆ కాలానికి మర్యాద. అది ప్రజాస్వామ్యం కాదు, ఓటు హక్కు లేదు, రాజ్యాంగం లేదు. మరి ఓటూ రాజ్యాంగమూ ఉన్న మనం, సాగర్ గోడలో ప్రాణం పెట్టిన కూలీల్లో ఒక్కరి పేరైనా మన పిల్లలకు చెప్పగలమా? శంకుస్థాపన చేసిన ప్రధాని పేరు తెలుసు, గేట్లు ఎత్తిన మంత్రి పేరు ప్రతి ఏడూ పేపర్లో వస్తుంది. శంకుస్థాపనకూ కాలువలకు నీళ్లు వదలడానికీ మధ్యనున్న పన్నెండేళ్లలో ఎవరి పేర్లూ మనకు లేవు.

లెక్క ఇక్కడితో అయిపోదు. నీళ్లు పల్లానికే పోతాయి కాబట్టి ఎడమ కాలువ దిగువ నల్లగొండను తడిపింది. ఎగువన ఉన్న దేవరకొండ, మునుగోడు, చండూరు, మర్రిగూడ మెట్టలు కళ్ల ముందే సాగర్‌ను పెట్టుకుని బోరు నీళ్లు తాగాయి. ఆ నీళ్లలో ఫ్లోరైడ్. పళ్లు గారపట్టి, వేళ్లు కొంకర్లు పోయి, వెన్ను వంగి, ఇరవై ఏళ్లకే ముసలితనం వచ్చిపడ్డ బతుకులు. ఆ నీటిని పటికతో, సున్నంతో శుద్ధి చేసే పద్ధతికి లోకమంతా నల్లగొండ పేరే పెట్టుకుంది. రోగం మనది, పేరు మనది, మందు మాత్రం ఏళ్ల తరబడి మనదాకా రాలేదు. విసిగిపోయిన జనం 1996 లోక్‌సభ ఎన్నికల్లో జల సాధన సమితి పిలుపుతో ఎదురు తిరిగారు. నల్లగొండ స్థానానికి ఏకంగా 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది, పోలింగు వాయిదా పడింది. దేశమంతా దాన్ని వింతగా చెప్పుకుంది. నీళ్లు అడగడానికి ఇంత పని చేయాల్సి వచ్చిందే అని సిగ్గుపడ్డవాళ్లు తక్కువ.

ఇక్కడిదాకా చదివిన తెలంగాణ పాఠకుడికి కోపం ఎటు మళ్లుతుందో తెలుసు. ఇదంతా ఆంధ్ర పాలకులు చేసిన అన్యాయం, అందుకే కదా కొట్లాడి రాష్ట్రం తెచ్చుకున్నాం అంటాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. నీటి పంపకంలో పక్షపాతం జరిగింది, ఉద్యమానికి ఆ గాయాలే ఊపిరి పోశాయి. అయితే 2014 జూన్ 2 తర్వాత ఏం జరిగిందో అదే కోపంతో చూడగలమా?

కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాదికే, 2015 జూలైలో, జీవో 123 వచ్చింది. 2013 నాటి కేంద్ర భూసేకరణ చట్టం భూమి లేనివాడికీ పునరావాస హక్కు ఇచ్చింది. సాగర్‌లో, శ్రీశైలంలో జరిగిన అన్యాయాల నుంచి దేశం నేర్చుకున్న పాఠమే ఆ చట్టం. ఆ పాఠాన్ని పక్కన పెట్టి, భూమిని నేరుగా కొనుక్కునే అడ్డదారి ఈ జీవో తెరిచింది. 2016లో హైకోర్టు సింగిల్ జడ్జి దాన్ని కొట్టేస్తే, అప్పీళ్లు, సవరణలు అంటూ ఇంకో దారి వెతికారు. ఉద్దండాపూర్ రిజర్వాయర్ నిర్వాసితులు పరిహారం కోసం టెంట్లు వేసుకుని కూర్చున్నారు. చర్లగూడెం, కిష్టరాంపల్లి రిజర్వాయర్ల కింద ఊళ్లు పోతున్నవాళ్లు ధర్నాలు చేశారు. చర్లగూడెం ఎక్కడుందో గమనించండి, మర్రిగూడ మండలంలో. ఫ్లోరైడ్ పీడించిన నేల అది. ఆ పీడ వదిలించడానికి వచ్చే నీళ్ల కోసమే అక్కడివాళ్లు ఊరు వదలాలి. ఇల్లూ భూమీ ఇవ్వనని వాళ్లు అనలేదు, సరైన పరిహారం ఇచ్చి పంపమన్నారు. ఆ మాట వినడానికి కూడా మనకు తీరిక దొరకలేదు. ప్రభుత్వాలు మారాయి, జెండాలు మారాయి, టెంట్ల కింద కూర్చునే జనం మాత్రం మారలేదు.

ఇంకా దగ్గరి సంగతి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం పైకప్పు కూలింది. సుమారు 44 కిలోమీటర్ల ఆ సొరంగం శ్రీశైలం నుంచి నల్లగొండ మెట్టలకు నీళ్లు తేవడానికి తవ్వుతున్నది. లోపల ఎనిమిది మంది చిక్కుకున్నారు. ఇంజనీర్లు, ఆపరేటర్లు, జార్ఖండ్ నుంచి వచ్చిన కూలీలు. నెలల తరబడి బురద తోడినా ఇద్దరి మృతదేహాలే బయటకు తేగలిగారు. సొరంగం తవ్విన చోటు పాత పాలమూరు జిల్లాలోనిది. ఒకప్పుడు ఊరి కాని ఊళ్లో ఆనకట్టలు కట్టి రాలిపోయిన కూలీల జిల్లా. ఈసారి రాలింది మన కూలీ కాదు, మనలాగే కరువు నేల నుంచి అడ్వాన్సో అవసరమో తోసుకొస్తే వచ్చినవాడు. పాలమూరు లేబర్‌కు దేశం పెట్టిన గతినే మనం జార్ఖండ్ లేబర్‌కు పెట్టాం. వాళ్ల పేర్లు నెల రోజులు టీవీల్లో తిరిగాయి. ఇవాళ ఎంతమందికి గుర్తున్నాయి?

ఈ దశలో ఆంధ్ర మీదికి నెట్టే దారి మూసుకుపోతుంది. 2023 నవంబర్ చివర, మన అసెంబ్లీ పోలింగు తెల్లవారితే అనగా, ఆంధ్ర పోలీసులు సాగర్ డ్యాం మీదికొచ్చి సగం గేట్లు తమ చేతుల్లోకి తీసుకున్నారు. చివరకు కేంద్ర బలగాలు దిగాల్సి వచ్చింది. గేట్ల కోసం రెండు రాష్ట్రాలు ఆ రాతిగోడ మీద ఎదురెదురుగా నిలబడ్డాయి. ఆ గోడ కింద మునిగిన ఊళ్ల కోసం, దాన్ని కట్టిన కూలీల కోసం రెండు రాష్ట్రాల్లో ఏదీ అంత పట్టుదల చూపిన దాఖలా లేదు. నీళ్ల వాటా కోసం కొట్లాడేటప్పుడు మనకు తాతల నాటి లెక్కలన్నీ నోటికొస్తాయి. బాకీల మాట వచ్చేసరికి పాతవన్నీ ఇప్పుడెందుకు అంటాం.

పాతవి ఇప్పుడెందుకు అనేవాళ్లకు ఈజిప్టు సంగతి చెప్పాలి. మన సాగర్ కడుతున్న రోజుల్లోనే నైలు మీద అస్వాన్ హై డ్యాం లేచింది. అబూ సింబెల్ ఆలయాలను 1964 నుంచి 1968 దాకా ముక్కలుగా కోసి, ఎత్తున పేర్చి కాపాడారు. యునెస్కో పిలుపుకు ప్రపంచమంతా చందాలిచ్చింది. అక్కడి నూబియన్లను, సుమారు యాభై వేల మందిని, నదికి దూరంగా కోమ్ ఓంబో వైపు తరలించారు. గుడి కోసం కదిలిన ప్రపంచం వాళ్ల కోసం కదల్లేదు. అర్ధ శతాబ్దం గడిచాక 2014 రాజ్యాంగంలో, నూబియన్లను పదేళ్లలోగా తమ ప్రాంతాలకు తిరిగి చేర్చే ప్రణాళికలు అమలు చేస్తామని ఈజిప్టు రాసుకోవాల్సి వచ్చింది. గడువు దాటిపోయింది, వాళ్లింకా అడుగుతూనే ఉన్నారు. పట్టించుకోనంత మాత్రాన బాకీ కొట్టుకుపోదని, తాత అడగలేనిది మనవడు గొంతెత్తి అడుగుతాడని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మరి మనం చేయాల్సిందేమిటి? ఏడవడం కాదు. గుండెలు బాదుకుని క్షమాపణలు చెప్పి, మరునాడు మరిచిపోవడం అంతకన్నా కాదు. పనులున్నాయి.

మొదటిది పేర్లు. సాగర్‌లో మునిగిన ప్రతి ఊరి పేరు, మండలం పేరుతో సహా, నందికొండలో లాంచీ స్టేషన్ దగ్గర, బుద్ధవనంలో, డ్యాం మీద చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో ఉండాలి. 274 ఎకరాల్లో బుద్ధవనం కట్టుకోగలిగిన రాష్ట్రానికి ఒక గోడ భారం కాదు. కట్టినవాళ్లలో ప్రాణాలు పోగొట్టుకున్న వారి పేర్లు పాత రిజిస్టర్లలో ఎక్కడున్నా వెతికి తీసి, మ్యూజియంలో శాసనాలకు ఇచ్చినంత చోటు వాటికీ ఇవ్వాలి. శ్రీశైలానికీ ఇదే వర్తిస్తుంది.

రెండోది జ్ఞాపకాలు. 1960లో పదేళ్ల పిల్లలుగా ఎడ్లబండెక్కి ఊరు విడిచినవాళ్లకు ఇవాళ డెబ్బై అయిదు దాటింది. వాళ్లు పోతే, ఆ ఊరి చావడి ఏ వైపుండేదో, బొడ్రాయి ఎక్కడ నాటారో, జాతర ఎన్నడు జరిగేదో చెప్పే నోరుండదు. నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఉంది, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ ఉంది. పెద్దల చేత చెప్పించి రికార్డు చేయడానికి కోట్లు అక్కర్లేదు, ఫోన్ ఉన్న విద్యార్థి చాలు, అడగాలన్న బుద్ధి ఉన్న గురువు చాలు. లోయ మునిగే లోపు ఆరేళ్లలో తవ్విన సుబ్రహ్మణ్యం బృందానికి ఉన్న తొందర మనకు ఈ మనుషుల పట్ల ఉండాలి.

మూడోది లెక్క తేల్చడం. జీవో 98 కింద మిగిలిన దరఖాస్తులకు ఉద్యోగమో, పరిహారమో ఏదో ఒకటి ఇచ్చి, ఇదిగో ఇంతటితో తీరిందని సంతకం పెట్టాలి. దశాబ్దాలుగా ఆశ చూపి తిప్పడం కంటే క్రూరమైనది లేదు. ఇకముందు ఏ రిజర్వాయరైనా పునరావాసం పూర్తయ్యాకే నింపాలి. ఊరు ఖాళీ కాకముందే కొత్త ఊరిలో ఇల్లు, బడి, నీళ్లు, వల్లకాడు సిద్ధంగా ఉండాలి. ఈ నియమాన్ని ఏ పార్టీ మేనిఫెస్టోలో రాయకపోతే, ఆ పార్టీ మీటింగులో లేచి అడగాలి.

నాలుగోది మన చేతిలోనే ఉన్న పని. మన నీళ్ల కోసం, మన రోడ్ల కోసం, మన అపార్టుమెంట్ల కోసం వచ్చే జార్ఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కూలీని మనం ఎట్లా చూస్తున్నాం? అతని రేకుల షెడ్డులో నీళ్లొస్తున్నాయా? అతని పిల్లలు ఏ బడికి పోతున్నారు? పడిపోతే ఏ ఆసుపత్రికి తీసుకుపోతారు? పాలమూరు వలస గురించి కన్నీళ్లు పెట్టుకునే హక్కు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినవాడికే ఉంటుంది.

ఆయకట్టు రైతును ఒకటి అడగాలి. నీ కాలువలో నీళ్లు రాని ఏడాది నువ్వు రోడ్డెక్కుతావు, న్యాయమే. మునిగిన ఊరి మనవడు రోడ్డెక్కిన రోజు ఆ టెంటు కిందికి పోయి ఒక గంట కూర్చున్నావా? హైదరాబాద్‌లో కుళాయి తిప్పేవాళ్లనూ ఇదే అడగాలి. ఇంజనీర్లను, టీచర్లను, పత్రికలవాళ్లను అడగాలి. ఎవరో వచ్చి తీర్చే బాకీ కాదిది, నీళ్లు తాగిన అందరిదీ. ఇది మా తాతల కాలం నాటిది, మాకేం సంబంధం అనేవాళ్లకు జవాబు తేలిక. తాతల నాటి పొలం, కాలువ, కుళాయి వారసత్వంగా తీసుకున్నాం. మంచిది తీసుకుని బాకీ మాత్రం తీసుకోననడం ఏ పంచాయతీలోనూ చెల్లదు.

చివరిగా ఊరు పోగొట్టుకున్న ఇళ్లవాళ్లకు. మరిచిపొమ్మని మీకు చెప్పే అర్హత మాకు లేదు. గతంతో సమాధానపడమని ఒంటరిగా మీతోనే చెప్పడం, దెబ్బ తిన్నవాడినే ఓర్చుకోమనడం. ఒక్కటి మాత్రం అడుగుతున్నాం. మీ పిల్లలకు ఆ ఊరి కథ చెప్పండి. దాన్ని అవమానంలా దాచిపెట్టకండి. మీరు పోగొట్టుకున్న దాని మీదే మా అన్నం ఉడికింది. తల దించుకోవాల్సి వస్తే అది మీరు కాదు.

గతంతో రాజీ అంటే పుస్తకం మూసేయడమని ఎవరో నేర్పారు మనకు. పుస్తకం తెరిచి, లెక్క చూసి, ఇవ్వాల్సింది ఇచ్చి, తీసుకునేవాడి చేత తీరిందనిపించుకున్నాకే రాజీ. ఏటా డిసెంబర్ 10 వస్తుంది. ఆ రోజున నందికొండలో దండలు వేసి ఉపన్యాసాలు ఇచ్చే ఆనవాయితీని మార్చుదాం. మునిగిన ఊళ్ల పేర్లు ఒక్కొక్కటిగా చదివి, ఈ ఏడు ఎంత బాకీ తీర్చామో, ఎంత మిగిలిందో జనం ముందు చెప్పే రోజుగా దాన్ని చేద్దాం. చెప్పాల్సింది కలెక్టరు, అడగాల్సింది మనం. ఎవరూ చెప్పకపోతే, బడిపిల్లల చేతనైనా ఆ పేర్లు చదివిద్దాం. ఈ డిసెంబర్‌తోనే మొదలుపెడదాం.